పాత బుల్లెట్ ఇంజన్‌ను శుభ్రం చేసి, మెరుగు పెట్టడం ఎలా?

ఏళ్ల తరబడి పశువుల కొట్టంలో పడి ఉన్న బుల్లెట్‌ను ఇంటికి తెచ్చుకున్నవారు చాలామంది ఇంజన్‌ను నేరుగా పాలిషింగ్ దుకాణంలో ఇచ్చేస్తారు. వారం తిరగకుండా అది కొత్త స్టీలు బిందెలా తళతళలాడుతూ వస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, బుల్లెట్ ఇంజన్‌లా మాత్రం ఉండదు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ 346 సీసీ ఇంజన్‌లో అన్ని భాగాలూ ఒకేలా మెరవవు. ఇంజన్ అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేసు పోత పోసిన గరుకుదనంతో బూడిద రంగులో ఉంటుంది. పక్క మూతలు నున్నగా మెరుస్తాయి. పోత ఇనుప సిలిండర్‌కు రంగు ఉంటుంది. మూడింటికీ మూడు రకాల పని.

1. కడగక ముందు

టార్చి వేసి సిలిండర్ రెక్కల మొదళ్ల దగ్గర చూడండి. ఎండ, బురద అంతగా తగలని ఆ సందుల్లో పాత రంగు గోరంతైనా మిగిలి ఉండవచ్చు. పైన నలుపు, కింద వెండి రంగు కనిపిస్తే నలుపు తర్వాత ఎవరో వేసిందన్నమాట. ఫొటో తీసి పెట్టుకోండి.

క్రాంక్‌కేసు మీద కొట్టిన ఇంజన్ నంబరు జోలికి మాత్రం వెళ్లవద్దు. ఎమరీ కాగితం నాలుగుసార్లు ఆడిస్తే అంకెలు అరిగిపోతాయి, ఆ తర్వాత రవాణా శాఖ కార్యాలయంలో మీ మాట ఎవరూ వినరు. పైగా 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ గుర్తింపు. నంబరు మీద టేపు అంటించాకే మిగతా పని మొదలుపెట్టండి.

2. మడ్డి వదిలించడం

ముందుగా నూనె దించేయండి. బుల్లెట్‌లో నూనె ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేసు పోతలోనే కలిసి ఉంటుంది. దాని అడుగున తారులాంటి మడ్డి పేరుకుని ఉంటుంది. కార్బురేటర్ విప్పేసి, పాత స్పార్క్ ప్లగ్గును అలాగే ఉంచి, తెరిచి ఉన్న రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి. ఎన్ని గుడ్డలు కుక్కారో గోడ మీద రాసుకోండి. లోపల మరచిపోయిన ఒక్క గుడ్డ చాలు, చేసిన కష్టమంతా వృథా కావడానికి.

కిరోసిన్, అది దొరకకపోతే డీజిల్ పూసి ఒక రాత్రి నాననివ్వండి. పెట్రోలు వద్దు, మంట అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. పొద్దున వెదురు పుల్లతో మడ్డి గీరి, రెక్కల సందుల్లో పాత టూత్ బ్రష్ ఆడించండి. ఆ తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్లతో కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టండి.

ఇత్తడి చెంబుకు చింతపండు పెట్టినట్టు దీనికీ పులుపు పెడదామనుకోవద్దు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్, కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తాయి. నా మొదటి బండి గేర్‌బాక్సు మూతను కాస్టిక్ సోడా నీళ్లలో వేసి టీ తాగి వచ్చాను. బకెట్‌లో బుసబుస పొంగు, మూత నిండా నల్లటి మచ్చలు, చిన్న చిన్న గుంటలు. ఇప్పుడది నా బల్ల మీద మరలు పోసుకునే పళ్లెం.

3. విప్పడం

పాత బుల్లెట్లలో బ్రిటిష్ కొలతల మరలు ఉంటాయి. మిల్లీమీటరు పానా దాదాపుగా సరిపోయినట్టే అనిపిస్తుంది. నట్టు మూలలు అరిగి గుండ్రబడటానికి ఆ ‘దాదాపు’ చాలు. బిగుసుకున్న మరలకు తుప్పు వదిలించే నూనె వేసి ఓపిక పట్టండి. స్క్రూలకైతే సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. ఒకే మూతకు పొడవు తేడా ఉన్న మరలు ఉండవచ్చు కాబట్టి, అట్ట మీద మూత ఆకారం గీసి మరలను వాటి చోట్లలోనే గుచ్చండి. నూనె కారకుండా భాగాల మధ్య పెట్టే పాత ప్యాకింగుల్లో, ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిపి, చెక్క పుల్లతో గీరండి. స్క్రూడ్రైవర్‌తో గీరితే పడే ఒక్క గాటు తర్వాత జీవితాంతం నూనె కారుస్తుంది.

క్రాంక్‌కేసును రెండు ముక్కలుగా విడదీయడం అలవాటున్న మెకానిక్‌కే వదిలేయండి.

4. క్రాంక్‌కేసు, హెడ్డు

హెడ్డు అంటే సిలిండర్ మీద కూర్చునే పై భాగం. ఈ రెండింటి దగ్గరా ఎమరీ కాగితానికి పని లేదు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచును కిరోసిన్‌లో ముంచి ఒకే ఒత్తిడితో రుద్దితే చాలు, పోత గరుకుదనం చెడకుండా బూడిద రంగు తేలుతుంది. తెల్లటి చిలుము లోతుగా పట్టి ఉంటే, కేసు పూర్తిగా ఖాళీ చేశాక, నీటితో కలిపి గాజు పూసలు కొట్టే వేపర్ బ్లాస్టింగ్ మంచిది. పొడి ఇసుక మాత్రం వద్దు. నూనె దారిలో నాలుగు రేణువులు మిగిలితే అవి బేరింగుల్లోకే చేరతాయి. ఏ బ్లాస్టింగ్ చేయించినా ప్రతి దారిలో సబ్బు నీళ్లు, ఆ తర్వాత గాలి కొట్టి, అటు చివర తెల్లగుడ్డ పట్టి చూడండి.

5. మూతలు

అసలు శ్రమంతా ఇక్కడే. 240 నంబరు నీటి ఎమరీతో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500 వరకు వెళ్లండి. కాగితాన్ని సబ్బు నీళ్లలో తడుపుతూ ఉండండి. 240తో నిలువుగా రుద్దితే 400తో అడ్డంగా రుద్దండి. నిలువు గీతలన్నీ మాయమయ్యాకే తర్వాతి నంబరు. ఓపిక నశించి ఒక మెట్టు దాటేస్తే, మూత మెరిసిన తర్వాత ఆ గీతలు ఎండలో వెక్కిరిస్తాయి. మరల రంధ్రాల చుట్టూ, అంచుల మీద వేలితో కాకుండా చిన్న చెక్కముక్కకు కాగితం చుట్టి రుద్దండి. లేకపోతే పదునైన అంచులు సబ్బుబిళ్లలా కరిగిపోతాయి. దుకాణాల్లో చక్రానికి పెట్టి తెచ్చిన మూతల్లో నాకు మొదట కనిపించే లోపం అదే.

చివరగా గుడ్డ చక్రం, పాలిష్ సబ్బు. మూతను చక్రం మధ్యకన్నా కిందే తాకించండి. పై అంచు తగిలితే చేతిలోంచి లాక్కుని విసిరికొడుతుంది. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. మెరుగు మీద వార్నిష్ వేయవద్దు, వేడికి పసుపుబారుతుంది. కాస్త మైనం పూస్తే చాలు. విశాఖ, కాకినాడలాంటి ఉప్పుగాలి ఊళ్లలో మాత్రం తరచుగా తుడుస్తూ ఉండాలి.

మూతలకు అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉన్నవి) బిగించడం ఈమధ్య మామూలైంది. విప్పడం సులువే. కానీ పాత ఇంజన్ మీద అవి పంచెకట్టుకు బూట్లు వేసినట్టుంటాయి.

6. సిలిండర్

పోత ఇనుము కడిగిన కాసేపటికే తుప్పు పడుతుంది. నీళ్లు ఆరీ ఆరకముందే లోపలి గోడకు నూనె రాయండి. బయట తీగ బ్రష్‌తో తుప్పు తీసి, థిన్నర్‌తో తుడిచి, లోపలి గోడకు, ప్యాకింగు కూర్చునే ముఖాలకు టేపు వేయండి. వేడి తట్టుకునే రంగును పల్చగా రెండు పూతలు వేయండి. ఇది గాలికి చల్లబడే ఇంజన్, రంగు మందమైతే రెక్కల నుంచి వేడి సరిగా బయటికి పోదు. రెక్కల సందుల్లో ముందు కొట్టండి, అంచుల మీద చివర్లో.

ఈ రంగు గట్టిపడేది వేడికే. ఇంజన్ బిగించాక ఆరుబయట, ముందు ఫ్యాను పెట్టి, పది నిమిషాలు నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత మరోసారి, ఇంకాస్త ఎక్కువసేపు. కొంచెం పొగ, ఘాటు వాసన వస్తాయి, కంగారుపడవద్దు. మర్నాడు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, హెడ్డు నట్లను మరోసారి సరిచూసి బిగించండి.