ఎట్లాగూ కూలగొట్టే ఇల్లే, కానీ ఈ ఒక్క వానకాలం గట్టెక్కాలి

పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకుందామని నిర్ణయించుకున్న ప్రతి ఇంట్లో వినిపించే మాట ఒకటుంది. "ఎట్లాగూ కూలగొట్టేదే కదా, దీనికి ఇంకా పైసలు ఎందుకు పెట్టాలె?" మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఇందిరమ్మ ఇంటి మంజూరు కోసం చూసేవాళ్లకు, బ్యాంకు లోను చుట్టూ తిరిగేవాళ్లకు, అన్నదమ్ముల పంపకం తెగక ఆగినవాళ్లకు, ఆషాఢం పోనీ, దసరా దాటినంక ముగ్గు పోద్దాం అనుకునేవాళ్లకు అందరికీ మధ్యలో ఒక వానకాలం అడ్డం వస్తుంది. ఆ నాలుగు నెలలు ఉండాల్సింది ఈ పాత కప్పు కిందనే.

అందుకే ఖర్చు విషయంలో నేను చెప్పేది ఇంతే. సున్నాలు, రంగులు, ఊడిన గచ్చు, విరిగిన గూటి తలుపు... వీటి జోలికి వెళ్లకండి. మనిషి మీద పడే వస్తువు, షాక్ కొట్టే వస్తువు, కాలు జారే చోటు, ఈ మూడింటి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రోహిణి కార్తె పోయి మిరుగం రాకముందే, అంటే జూన్ 8 లోపే ఈ పనులు ముగించుకుంటే మంచిది. వాన మొదలయ్యాక మిద్దె ఎక్కడానికి ఏ మేస్త్రీ దొరకడు, దొరికినా ఎక్కకూడదు.

మట్టిమిద్దె సంగతి

పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు, ఇటు దేవరకొండ దాకా ఊళ్లల్లో మట్టిమిద్దెలు ఇప్పటికీ ఉన్నాయి. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, పైన మట్టి, ఆపైన చవుడు. చవుడు మట్టి తడిస్తే మెత్తగా పరుచుకుని సందులన్నీ మూసేస్తుంది, నీళ్లు కిందికి దిగనివ్వదు. అందుకే వానలకు ముందు ఏటా కొత్త చవుడు పోస్తారు. పద్ధతి మంచిదే. చిక్కల్లా పాత పొర తీయకుండా దాని మీదే కొత్త పొర పోస్తూ పోవడం దగ్గర వస్తుంది. ముప్పై, నలభై ఏళ్లకు ఆ మట్టి ఎంత మందం అయిందో ఇంట్లోవాళ్లకే తెలియదు. ఒకసారి లెక్క వేసి చూడండి. పది అడుగులు, పన్నెండు అడుగుల అర్ర మీద అడుగు మందం మట్టి ఉంటే, ఎండిన మట్టే ఐదు టన్నుల పైన బరువు ఉంటుంది. ముసురు పట్టి లోపలి దాకా నానితే ఇంకో టన్ను కలుస్తుంది. ఆ బరువంతా మోసేది చెదలు తిన్న దూలం.

2024 జులై మొదట్లో నాగర్‌కర్నూల్ దగ్గరి వనపట్లలో రాత్రి మిద్దె కూలి, నిద్రలో ఉన్న తల్లీ, ముగ్గురు పిల్లలు చనిపోయారు. పేపర్లో చదివి అయ్యో అనుకున్నాం. మన ఇంటి దూలాన్ని తట్టి చూసుకున్నవాళ్లు ఎంతమంది?

తట్టి చూడటం కష్టమేం కాదు. స్క్రూడ్రైవర్ పిడితో దూలం పొడుగునా కొట్టండి. గట్టి కట్టె అయితే టక్కుటక్కుమంటుంది, డొల్లగా ఉంటే చప్పుడే వేరుగా ఉంటుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొన గుచ్చండి. వేలు పొడుగు దిగిందంటే ఆ దూలం పేరుకే ఉన్నట్టు. ముఖ్యంగా దూలం గోడలోకి దిగే కొస దగ్గర చూడాలి. గోడ నిమ్ము పీల్చుకుని ముందు పుచ్చేది అక్కడే. నడిమధ్య బ్రహ్మాండంగా కనిపించే టేకు దూలం కూడా కొసల్లో పిండి పిండి అయి ఉండొచ్చు.

పుచ్చిందని తేలితే ఆ అర్ర ఖాళీ చేయడమే మొదటి మాట. చేయలేకపోతే సెంట్రింగు వాళ్ల దగ్గర ఇనుప జాకీలు కిరాయికి దొరుకుతాయి, మేస్త్రిని పిలిచి పెట్టించండి. జాకీ కింద మట్టి నేల ఉంటే దిగబడుతుంది కాబట్టి మందపాటి చెక్కో బండో వేయాలి, పైన దూలానికి జాకీకి మధ్య కూడా చెక్క పెట్టాలి. దూలాన్ని పైకి లేపుదామని తిప్పితే ఉన్న గోడ పగులుతుంది. ఆనేదాకా బిగిస్తే చాలు. మిద్దె మీద కొత్త చవుడు పోసేముందు పాతది గీకి దించండి. అంత పని పెట్టుకోలేమనుకుంటే మట్టి పోయడం మానేసి పెద్ద ప్లాస్టిక్ పట్టా కప్పండి, నీళ్లు దిగే గొట్టాల వైపు వాలు ఉండేలా. పట్టా అంచులు ఎగరకుండా ఇసుక సంచులు చాలు. బండరాళ్లు పెడితే ఉన్న బరువు మీద ఇంకా బరువు. గోడల మీద మొలిచిన రావి మొక్కను ఇప్పుడే తీసేయండి. కాస్త పెద్దదైతే పీకొద్దు, కోసి వదిలేయండి. పీకితే వేరుతో పాటు గోడ రాళ్లు కూడా వస్తాయి.

గోడ చీలికలకు ఒక చిన్న ఉపాయం. చీలిక రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాయండి. అడ్డంగా ఒక కాగితం ముక్క కూడా అంటించండి. కాగితం చిరిగినా, చీలిక గీత దాటిపోయినా గోడ కదులుతున్నట్టే. ఏళ్ల నుంచి కదలకుండా ఉన్న పెద్ద చీలిక కంటే వారంలో పుట్టి పెరిగే సన్నటి చీలికకు ఎక్కువ భయపడాలి.

మిద్దె కూలేముందు చాలాసార్లు చెప్పే కూలుతుంది. దంతెల సందుల్లోంచి మట్టి రాలడం, నిన్నటిదాకా సాఫీగా పడిన దర్వాజ ఇవాళ బిగుసుకుపోవడం, గోడ మధ్యలో కడుపు వచ్చినట్టు ఉబ్బడం, రాత్రి పూట కప్పులోంచి కిర్రుమనే చప్పుడు. వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాం అనుకోవద్దు. పిల్లల్ని, ముసలోళ్లను తీసుకుని అప్పుడే బయటపడాలి. పక్కింటికో, బడికో, గ్రామ పంచాయతీకో. పరుపులు, బియ్యం తర్వాత చూసుకోవచ్చు. ఇంకో సంగతి. పెద్దవాన కొట్టి వెలిసిందని నిమ్మళపడొద్దు. పెద్దపుసల, చిన్నపుసల కార్తెల్లో రెండు మూడు రోజులు ఆగకుండా కురిసే సన్నటి ముసురే మట్టి గోడను లోపలిదాకా నానబెడుతుంది. ఎండ వచ్చాక కూలిన గోడలు కూడా ఉన్నాయి.

పక్కింటోళ్లు ముందు కూలగొడితే

పాత వాడకట్టుల్లో రెండిళ్లకు ఒకటే గోడ. మీకంటే ముందు పక్కింటివాళ్లకు బిల్లు వచ్చి వాళ్లు కూలగొట్టారనుకోండి, అప్పటిదాకా లోపలి గోడగా ఉన్నది ఒక్కసారిగా వానకు ఎదురుగా నిలబడుతుంది. దానికి ఆ వైపు సున్నం పూత ఉండదు, చూరు ఉండదు, ఆసరాగా ఉన్న దూలాలు కూడా పోతాయి. మొహమాటం పడకుండా వాళ్లతో ముందే మాట్లాడండి. "అన్నా, గోడ దగ్గర జేసీబీ పెట్టకండి, ఆ రెండు మూడు అడుగులు మనుషులతో దించండి" అని అడగడంలో తప్పు లేదు. ఆ రోజు మీ ఇంట్లో ఆ గోడ వైపు ఎవరూ ఉండొద్దు. కూలగొట్టిన సాయంత్రమే తేలిపోయిన గోడకు పట్టా కప్పించండి. దీనికయ్యే ఖర్చు సగం సగం అనుకుంటే గొడవ కూడా ఉండదు.

స్లాబు ఇల్లయినా

1980ల్లో, 90ల్లో వేసిన స్లాబుల్లో లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కింద సిమెంటు పెచ్చులు ఊడతాయి. మంచం ఆ చోటు నుంచి జరపండి. వదులుగా ఉన్న పెచ్చులను అర్ర ఖాళీ చేసి, కర్రతో పొడిచి మీరే రాల్చేయడం మేలు, నిద్రలో నెత్తిన పడేకంటే. ఫ్యాను కొక్కెం చుట్టూ తుప్పు కనిపిస్తే ఫ్యాను దించి టేబుల్ ఫ్యాను వాడుకోండి. కిటికీ మీది సజ్జ కింద బండి పెట్టడం, అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టడం ఈ నాలుగు నెలలు బంద్. నల్లా నీళ్లు సరిగా రావడం లేదని పాత కప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఎక్కించారంటే ఒక టన్ను ఎక్కించినట్టు. ట్యాంకు కింద పెట్టుకుంటే చిన్న మోటరుతో పని జరుగుతుంది.

సిమెంటు రేకుల కప్పు ఉంటే దాని మీద నేరుగా కాలు వేయొద్దు. పగిలిన చోట అతుకు వేయాలంటే కింద పైపు ఎక్కడుందో చూసుకుని, దాని మీదుగా పలక వేసుకుని నడవాలి. గాలికి లేవకుండా రేకుల మీద రాళ్లు పెట్టే అలవాటు మనకు బాగా ఉంది. గాలిదుమారంలో ముందు కిందికి వచ్చేవి ఆ రాళ్లే.

కరెంటు

దీనికి ఖర్చు తప్పదు. పాత ఇళ్లల్లో చెక్కబోర్డులు, పెచ్చులు లేచిన వైర్లు, ఎర్తింగు సంగతి ఎవరికీ తెలియదు. మొత్తం వైరింగు మార్చడం దండగే, రేపు కూలగొట్టేది. కానీ మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి. ఎంసీబీ ఉంది కదా అంటారు కొందరు. ఎంసీబీ వైరు కాలకుండా కాపాడుతుంది, మనిషికి షాక్ కొడుతుంటే అది పడిపోదు. ఆ పని ఆర్‌సీసీబీది. కొత్త ఇంటికి కూడా దీన్నే తీసుకెళ్లి బిగించుకోవచ్చు, పైసలు ఎక్కడికీ పోవు. పెట్టిన మొదటి రోజే మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ "తీసేద్దాం సార్, డైరెక్టు ఇస్తా" అంటే ఒప్పుకోవద్దు. ఎక్కడో గోడలోకి కరెంటు కారుతోందని అది చెబుతోంది. ఏ లైను తీస్తే నిలబడుతుందో వెతికించి, ఆ లైను కోసేయించండి.

దండెం సంగతి వేరే చెప్పాలి. బట్టలు ఆరేసుకునే ఇనుప తీగను కరెంటు స్తంభానికో, రేకుల ఇనుప పైపుకో, సర్వీసు వైరు ఆనుకున్న కొక్కేనికో కడతారు. వాన గాలికి ఆ సర్వీసు వైరు రాసుకుని పైతోలు పోతే తడిబట్ట వేయబోయిన చేతికి షాకే. వానకాలంలో మన జిల్లాల్లో ఇట్లా పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. ఇవాళే ఆ తీగ విప్పేసి నైలాన్ తాడు కట్టండి. ఎవరికైనా షాక్ కొడుతుంటే పట్టుకోవద్దు, మెయిన్ బంద్ చేయండి, అది దూరమైతే ఎండిన కర్రతో విడిపించండి. సర్వీసు వైరు తెగినా, స్తంభం నుంచి నిప్పురవ్వలు వచ్చినా 1912కు ఫోన్ చేయండి.

ఇటుకల కుప్ప కింద

కొత్త ఇంటికని ముందే తెచ్చిపెట్టిన ఇటుకలు, ఇసుక, విప్పిన పాత కట్టె, ఇవన్నీ గోడకు ఆనించి పేరుస్తారు. ఎలుకలు చేరతాయి, వాటి వెనక పాములు. కుప్పను గోడకు నాలుగైదు అడుగుల దూరంలో, వీలైతే బండల మీద ఎత్తుగా పెట్టండి. ఇటుక తీసేటప్పుడు చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. వానకాలం నేల మీద పడుకోవడం మానేయండి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, అది కాటేస్తే నొప్పి పెద్దగా ఉండదు, చీమ కుట్టిందేమో అనుకుని మళ్లీ నిద్రపోతారు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర, ఈ రెండూ ఉంటే చాలావరకు భయం లేదు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం, మంత్రం కోసం తిరగడం వద్దు. కాలు కదలనివ్వకుండా 108లో సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి, విషానికి విరుగుడు మందు అక్కడ ఉంటుంది. తేలు కుట్టిన పిల్లలకు చెమటలు, వాంతులు, చేతులు చల్లబడటం ఉంటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు.

బాత్రూం బండల మీది పాచి

వానకు షాబాదు బండల మీద పాచి కడుతుంది. ఇంట్లో అవ్వో తాతో ఉంటే తుంటి ఎముక విరగడానికి ఒక్క అడుగు చాలు. బ్లీచింగ్ పౌడర్ చల్లి, కాసేపుంచి గట్టి బ్రష్షుతో తోమితే పోతుంది. ఆ బ్లీచింగ్ ఉన్న చోట బాత్రూం యాసిడ్ మాత్రం పోయొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు లేచి ఊపిరి ఆడదు. తలుపులు ఉబ్బి బిగుసుకునే కాలం కాబట్టి లోపలి బేడెం తీసేసి, బయటి నుంచి కూడా తెరవగలిగే గడియ పెట్టించండి. ఎత్తు గడపల మీద తెల్లరంగు పట్టీ గీస్తే రాత్రి లేచే పెద్దవాళ్లకు కనిపిస్తుంది.

గ్యాసు పైపు మీద తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చండి. లీకయితే 1906.

భూమి పాసుబుక్కు, ఆధార్లు, బ్యాంకు బుక్కులు, పిల్లల మెమోలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గట్టి అర్రలోనో చుట్టాల ఇంట్లోనో పెట్టండి. ఇల్లు ఇప్పుడు ఎట్లా ఉందో లోపల, బయట అన్ని వైపులా ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంకొకరికి పంపి ఉంచండి. గోడ కూలితే శిథిలాలు ఎత్తకముందే రెవెన్యూ వాళ్లకు చెప్పి పంచనామా రాయించుకోవాలి. శుభ్రం చేశాక వెళ్తే సాయం అడగడం కష్టమవుతుంది.

ఇక దసరా వెళ్లి కూలగొట్టే రోజు ఖరారైతే, జేసీబీకి అడ్వాన్సు ఇచ్చేముందే లైన్‌మన్‌తో మాట్లాడి సర్వీసు వైరు స్తంభం దగ్గరే తీయించండి. మీటరు బంద్ చేస్తే చాలదు, స్తంభం నుంచి మీటరు దాకా వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది.