ఉద్యోగం చేస్తూ జర్మన్ బి1 రాయాలంటే, తెలుగులోంచి నేర్చుకోండి

పగలంతా ఆఫీసు, రాత్రి అమెరికా వాళ్లతో కాల్స్, ఇక జర్మన్‌కి టైమెక్కడిదని ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానకుండానే సున్నా నుంచి గోథే బి1 దాకా వచ్చాను. బి1 అంటే ఎ1, ఎ2ల తర్వాత వచ్చే మూడో స్థాయి, గోథే అంటే జర్మన్ నేర్పి ఈ పరీక్షలు పెట్టే సంస్థ. 11 నెలలు పట్టింది.

ముందు లెక్క చూసుకోండి. బి1 చేరడానికి 45 నిమిషాల క్లాసులు 350 నుంచి 650 దాకా కావాలని గోథే ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. అంటే సుమారు 260 నుంచి 490 గంటలు. వారానికి 10 గంటలు పెట్టగలిగితే ఆరు నెలల నుంచి పదకొండు నెలలు. ఎవరైనా మూడు నెలల్లో బి1 అంటే వారానికి కనీసం 20 గంటలు కూర్చోవాలి, ఉద్యోగం చేసేవాళ్లకి అది కుదిరే పని కాదు. డబ్బు కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఆ 10 గంటలు నాకు ఎలా దొరికాయంటే, పొద్దున 5:45 నుంచి 6:45 దాకా ఐదు రోజులు, ఆదివారం రెండున్నర గంటలు, మిగతాది ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రోలో ఇయర్‌ఫోన్స్‌తో. మొదట రాత్రి 8 గంటల ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరాను కానీ ప్రతి వారం ఏదో ఒక కాల్ అడ్డొచ్చేది, ఒక క్లాసు పోతే తర్వాతది అర్థం కాదు, నెల తిరక్కుండానే మానేశాను. రాత్రి టైము మన చేతిలో ఉండదు. పొద్దున ఆరింటికి మాత్రం ఏ మేనేజరూ ఫోన్ చెయ్యడు.

ఇప్పుడు అసలు విషయం. మనమందరం జర్మన్‌ని ఇంగ్లీషులో నేర్చుకుంటాం, పుస్తకాలూ యాప్‌లూ అన్నీ అలాగే ఉంటాయి. నేనూ మొదటి మూడు నెలలు అలాగే చదివి డేటివ్, అక్యుజేటివ్ అనే విభక్తుల పేర్లు చూస్తేనే టెన్షన్ పడేవాణ్ణి. ఒకరోజు వ్యాయామంలో “మియర్ ఇస్ట్ కల్ట్” అనే వాక్యం వచ్చింది. ఇంగ్లీషులో “నేను చలిగా ఉన్నాను” అన్నట్టు చెప్తారు, ఇక్కడ “నేను” బదులు ఇంకేదో ఉందేమిటని పది నిమిషాలు కొట్టుకున్నాను. తర్వాత తెలుగులో అనుకుంటే ఒక్క క్షణంలో తేలిపోయింది: నాకు చలిగా ఉంది. మియర్ అంటే నాకు. అంతే. “నాకు నచ్చింది” అన్నా, “నాకు తల నొప్పిగా ఉంది” అన్నా జర్మన్‌లో అదే మియర్. డేటివ్ అంటే మన కి, కు అనుకుని మొదలుపెట్టండి, సగం భయం పోతుంది.

ఇంకోటి చూడండి. ఇన్ అనే మాట తర్వాత ఒకసారి అక్యుజేటివ్, ఒకసారి డేటివ్ వస్తుంది, దీనిమీద పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉంటాయి. తెలుగువాళ్లకి దీనికి ఒక్క లైను చాలు. “వంటింట్లోకి వెళ్తున్నాను” అయితే ఇన్ డీ క్యుషె, “వంటింట్లో ఉన్నాను” అయితే ఇన్ డేర్ క్యుషె, డేటివ్‌లో ఆ డీ కాస్తా డేర్ అవుతుంది. లోకి అయితే అక్యుజేటివ్, లో అయితే డేటివ్. ఈ తేడా మనం మూడేళ్ల వయసునుంచీ మాట్లాడుతున్నదే.

వైల్ (ఎందుకంటే), దస్ (అని), వెన్ (అయితే) లాంటి మాటలతో మొదలయ్యే వాక్యాల్లో క్రియ చివరికి వెళ్తుంది. ఇంగ్లీషు అలవాటుతో ఇది వింతగా ఉంటుంది, మనకేమో అది పుట్టుకతో వచ్చిన వరస. “వైల్ ఇష్ హోయిటె ఆర్బైటెన్ ముస్” అన్నది మాట వెంట మాట చూస్తే, వైల్ ఒక్కటి పక్కన పెట్టి, “నేను ఇవాళ పని చెయ్యాలి”. ముస్ అంటే ఆ “ఆలి”, అక్కడా చివరే, ఇక్కడా చివరే. మామూలు వాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలోనే ఉండాలి, అక్కడ తెలుగు సాయం చెయ్యదు, అది విడిగా సాధన చెయ్యాల్సిందే. నువ్వు, మీరు తేడా కూడా ఇంగ్లీషులో లేదు, జర్మన్‌లో డు, జీ అని ఉంది, మన మీరుకి లాగే జీకి కూడా బహువచనం క్రియ వస్తుంది.

లింగాల దగ్గర మాత్రం షార్ట్‌కట్ తక్కువ. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ఒక లింగం ఉంటుంది, దాన్నిబట్టి ముందు పుంలింగానికి డేర్, స్త్రీలింగానికి డీ, నపుంసకానికి దస్ వస్తుంది. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్ అని ముగిసేవి డీ, షెన్ అని ముగిసేవి దస్, ఇవి కచ్చితంగా పనికొస్తాయి. అందుకే అమ్మాయి అనే మెడ్‌షెన్ కూడా దస్. అందరూ దానికి ఆశ్చర్యపోతారు కానీ మనమూ “అమ్మాయి వచ్చింది” అంటాం, “పిల్లి వచ్చింది” అంటాం, రెండింటికీ ఒకటే క్రియ. మిగతా నామవాచకాలన్నీ డేర్, డీ, దస్‌తోనూ బహువచనంతోనూ కలిపే రాసుకోండి. నోట్‌బుక్‌లో జర్మన్ అక్షరాల్లోనే రాయండి, తెలుగు అక్షరాల్లో రాసుకుంటే అక్షరాల మీద పెట్టే రెండు చుక్కలు మర్చిపోతారు, రాత పరీక్షలో అక్కడే మార్కులు పోతాయి. బి1 పదాల జాబితాను గోథే ఉచితంగానే ఇస్తుంది, సుమారు 2,400 పదాలు. రోజుకి 15 చొప్పున ఆన్కీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో వేసుకున్నాను, వారాంతం వదిలేసినా ఎనిమిది నెలల్లో అయిపోయింది. పాఠాలకి డాయిషె వెలె అనే జర్మన్ ప్రసార సంస్థ సైట్‌లో ఎ1 నుంచి బి1 దాకా వీడియో కోర్సు ఉంది, అది కూడా ఉచితమే.

పరీక్షలో నాలుగు భాగాలు: చదవడం 65 నిమిషాలు, వినడం 40, రాయడం 60, మాట్లాడటం ఇద్దరికి కలిపి 15. ప్రతిదానికీ 100 మార్కులు, ప్రతిదాంట్లో 60 రావాలి. నాలుగూ ఒకేసారి రాయక్కర్లేదు, విడివిడిగా రాయొచ్చు, ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాస్తే చాలు. ఉద్యోగం చేసేవాళ్లకి ఇది పెద్ద వరం.

నాకు మొదటిసారి వినడంలో 53 వచ్చాయి. కారణం అంకెలు. మనం నలభై ఏడు అంటాం, వాళ్లు “ఏడూ నలభై” అంటారు, జీబెన్ ఉంట్ ఫియర్‌ట్సిష్. 47 అనాల్సిన చోట నా చెవికి 74 వినిపించేది, అది సర్దుకునేలోపు తర్వాతి ప్రకటన వచ్చేసేది. వినడంలో మొదటి, నాలుగో భాగాలు రెండుసార్లు వినిపిస్తారు, రెండోదీ మూడోదీ ఒక్కసారే, అక్కడ ఒక్క మాట దగ్గర ఆగినా పక్క ప్రశ్న కూడా పోతుంది. దాని తర్వాత నెల రోజులు స్టేషన్ నుంచి ఆఫీసుకి నడిచేటప్పుడు, ముందు వెళ్తున్న ప్రతి బండి నంబరు చివరి నాలుగంకెల్ని రెండేసి చొప్పున జర్మన్‌లో చదివాను. 4782 కనిపిస్తే ఏడూ నలభై, రెండూ ఎనభై. పైకి, గొంతు విప్పి. రెండోసారి 83 వచ్చాయి. ఈ ఒక్క అలవాటు మీరు ఎ1లోనే మొదలుపెట్టండి.

రాయడంలో మూడు ఉంటాయి: స్నేహితులకి ఈమెయిల్ 80 పదాలు, ఒక విషయం మీద మీ అభిప్రాయం 80 పదాలు, ఆఫీసు తరహా ఈమెయిల్ 40 పదాలు. ప్రశ్న కింద ఇచ్చిన ప్రతి పాయింటుకీ జవాబు ఉండాలి, ఎంత అందంగా రాసినా ఒక పాయింటు వదిలేస్తే మార్కులు తగ్గుతాయి. ఆదివారం ఆ మూడూ గడియారం పెట్టుకుని, చేత్తో కాగితం మీద రాయండి. ఎవరితోనైనా దిద్దించుకోండి, డబ్బిచ్చైనా సరే. నేను ఖర్చుపెట్టిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

మాట్లాడే భాగానికి భయపడకండి, అది చాలావరకు ముందే తెలిసిన పరీక్ష. ముందు జతలో ఇంకొకరితో కలిసి ఏదో ఒక ప్లాన్ వెయ్యాలి, తర్వాత మీరు ఒక విషయం మీద మూడు నిమిషాలు మాట్లాడాలి, ఆ తర్వాత ఒకరినొకరు ప్రశ్న అడగాలి. ఆ మూడు నిమిషాలకి వరస ఎప్పుడూ ఒకటే: విషయం ఏమిటి, నా అనుభవం, మా దేశంలో ఎలా ఉంది, మంచీచెడూ దాంతోపాటు నా అభిప్రాయం, ధన్యవాదాలు. ఈ అయిదింటికీ రెండేసి వాక్యాలు నోటికి వచ్చేలా పెట్టుకుంటే ఏ టాపిక్ ఇచ్చినా అందులో పడుతుంది. నేను రోజూ ఫోన్‌లో మూడు నిమిషాలు రికార్డ్ చేసి మెట్రోలో వినేవాణ్ణి. మొదట్లో నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు, రెండు వారాలకి ఎక్కడ ఆగుతున్నానో తెలిసింది: ప్రతిసారీ వైల్ తర్వాతే.

స్లాట్ మాత్రం తొందరగా చూసుకోండి. హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌లోని గోథే సెంటర్‌లో రాయొచ్చు, తేదీలు వెలువడ్డాక సీట్లు నిండిపోతాయి, అందుకే తేదీ చూసుకుని చదవడం కంటే మీరు సిద్ధమయ్యే నెల ముందే లెక్కవేసి సైట్ గమనిస్తూ ఉండండి. గోథే ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో మోడల్ పేపర్లు ఆడియోతో సహా ఉచితంగా ఉన్నాయి. పరీక్షకి ఆరు వారాల ముందునుంచి ప్రతి ఆదివారం ఒక భాగం, పూర్తి టైముతో, మధ్యలో ఆపకుండా చెయ్యండి. పరీక్ష రోజే కాదు, దాని ముందు రోజు కూడా సెలవు పెట్టండి, ఆ రాత్రి రిలీజ్ ఉంటే ఇంకొకరికి అప్పగించి పది గంటలకల్లా పడుకోండి.