ముందు మెదడు అడుగున చూడండి

మెదడు టీబీ కోసం ఎంఆర్ఐ చదివేటప్పుడు ఫిల్మ్ కంటే ముందు డాక్టర్ రాసిన చీటీ చదవండి. మలక్‌పేటలో మా స్కాన్ సెంటర్‌కి వచ్చే చీటీల్లో సగానికి 'తలనొప్పి' అన్న ఒక్క ముక్కే ఉంటుంది. బయట కూర్చున్న మనిషినే అడగాలి: ఎన్నాళ్ల నుంచి? సాయంత్రమైతే జ్వరమా? ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడారా?

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. కొత్తలో ఒక కాలేజీ కుర్రాడికి ప్లెయిన్ ఎంఆర్ఐ చేసి నార్మల్ అని రాసి పంపాను. పది రోజులకు మెల్లకన్ను పడి మళ్లీ వచ్చాడు. కాంట్రాస్ట్ మందు సూదితో ఇచ్చి తీస్తే మెదడు అడుగున, కంటి నరాలు కలిసే చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లగా మెరిసింది. అప్పటి నుంచి టీబీ అనుమానముంటే గాడోలినియం (ఆ కాంట్రాస్ట్ మందు) లేకుండా వదలను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకుని, బరువు కిలోకి 0.1 మిల్లీమోల్. ఇచ్చాక టీ1 అనే రకం స్కాన్‌తో ఆగకుండా ఫ్లెయిర్ అనే రకం కూడా ఇంకోసారి తీయించండి. మెదడు పొరల మీది సన్నటి మెరుపు అందులో బాగా దొరుకుతుంది.

ఆ మెరుపు కోసం ముందు అడుగున సిస్టర్న్‌లు (మెదడు చుట్టూ నీరుండే ఖాళీలు), తర్వాత వెంట్రికల్స్ (మెదడు లోపలి నీటి గదులు). వాటి పక్క కొసలైన టెంపొరల్ హార్న్‌లు ఉబ్బి గుండ్రబడ్డాయంటే నీరు చేరుతున్నట్టే. ఆపైన డిఫ్యూజన్ అనే రకం స్కాన్‌లో మెదడు లోతు భాగాలైన బేసల్ గాంగ్లియా, థలమస్: కొత్త ఇన్‌ఫార్క్ట్‌లు (రక్తం అందక చచ్చుబడిన చోట్లు) ఉంటాయేమో. మూడూ కలిస్తే రిపోర్టులో మొదటి పేరు టీబీ మెనింజైటిస్, అంటే మెదడు పొరల టీబీ.

అసలు తకరారు రింగుతోనే, అంటే కాంట్రాస్ట్ ఇచ్చాక అంచు ఉంగరంలా మెరిసే మచ్చతోనే. టీబీ గడ్డా, బద్దెపురుగు తిత్తా అన్నది మాకు రోజూ ఉండే పంచాయితీ. టీ2 అనే రకం స్కాన్‌లో నడుమ నల్లగా ఉంటే ట్యూబర్‌క్యులోమా (టీబీ గడ్డ) వైపు మొగ్గండి. నీళ్లలా తెల్లగా ఉండి లోపల చిన్న చుక్క కనిపిస్తే బద్దెపురుగు. గడ్డలు ద్రాక్షగుత్తిలా అతుక్కుని, 2 సెంటీమీటర్లు దాటితే నా ఓటు టీబీకే. గడ్డలోని రసాయనాలను గ్రాఫ్‌గా చూపే స్పెక్ట్రోస్కోపీలో 1.3 పీపీఎం అనే గుర్తు దగ్గర లిపిడ్ (కొవ్వు) పీక్ లేస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. కానీ వాక్సెల్‌ని (కొలత తీసే చిన్న డబ్బాని) గడ్డ లోపలే పెట్టారా, చూసుకోండి. అది పుర్రె దగ్గరకు జరిగిందా, నెత్తిమీది కొవ్వు కూడా అక్కడే పీక్ లేపుతుంది. ఒక టెక్నీషియన్, నేను అరగంట ఆ కొవ్వునే చూసి మురిసిపోయాం.

కాళ్లు పట్టు తప్పాయంటే వెన్ను కూడా తీయండి. స్కాన్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన టీబీ లేదని రాయకండి. వెన్ను నీరు పరీక్ష, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) సంగతి చూడమని రాయండి.

మందులు మొదలుపెట్టిన రెండు నెలలకు గడ్డ పెరిగి కనిపించొచ్చు. "మందులు పనిచేస్తలేవా, మేడమ్?" అని తల్లి తలుపు దగ్గరే నిలబడుతుంది. మందు పనిచేస్తున్నా అలా పెరగొచ్చు. ఫెయిల్యూర్ అని రాసే ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి, రోగి డోసులేమైనా మానేశాడా, స్టెరాయిడ్ ఎప్పుడు తగ్గించారు అని అడగండి.