వాల్వ్ మూసినా నీళ్లు దాటుతున్నాయా? విప్పే ముందు ఇది చూడండి

పంపు ఆపారు, వాల్వ్ బిగించారు, అయినా అవతల డ్రెయిన్ తెరిస్తే నీళ్లు వస్తూనే ఉన్నాయి. వెంటనే "సీట్ పోయింది, వాల్వ్ మార్చాలి" అనేస్తారు. సీట్ అంటే వాల్వ్ మూసినప్పుడు లోపలి పలక వచ్చి ఆనే చోటు. పర్మిట్ తీసుకుని, చైన్ బ్లాక్ కట్టి, బోల్టులన్నీ విప్పి కిందికి దించాక చూస్తే సీట్ శుభ్రంగా ఉంటుంది. స్పానర్ పట్టుకునే ముందు రెండు నిమిషాలు ఆగండి.

ముందు బైపాస్ చూడండి. పెద్ద వాల్వ్ పక్కన చిన్న లైన్ ఉంటే దాని వాల్వ్ మూసి ఉందో లేదో చేత్తో తిప్పి చూడాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన వాల్వ్ బాడీకి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే నీళ్లు ఎటు నుంచి దాటుతున్నాయో శబ్దాన్ని బట్టి తెలిసిపోతుంది. దీన్ని దాటేసి నేరుగా వాల్వ్ విప్పేవాళ్లే ఎక్కువ.

గేట్ వాల్వ్ (పలక పైనుంచి దిగి మూసేది) అయితే అడుగున ఇసుక, తుక్కు చేరి వెడ్జ్, అంటే ఆ పలక, కిందిదాకా దిగదు. హ్యాండ్ వీల్‌కి పైపు తొడిగి బలం చూపించకండి, స్పిండిల్ (లోపలి పలకని కదిపే కడ్డీ) వంగుతుంది. కొద్దిగా తెరిచి వేగంగా పారే నీటితో కడగనిచ్చి మళ్లీ మూయండి, రెండు మూడు సార్లు ఇలా చేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఫ్లో తగ్గించడానికి దాన్ని సగం తెరిచి నెలల తరబడి వాడారంటే మాత్రం సీట్ కోసుకుపోయి ఉంటుంది, ఆ పని గ్లోబ్ వాల్వ్‌కి ఇవ్వాల్సింది.

ఇక అసలు మోసం చేసేది, పైపులో గుండ్రటి డిస్క్ తిరిగి మూసే, గేర్ బాక్స్ ఉన్న బటర్‌ఫ్లై వాల్వ్. హ్యాండ్ వీల్ గట్టిగా ఆగుతుంది, పైన ముల్లు 'మూసి ఉంది' అని చూపిస్తుంది, లోపల డిస్క్ మాత్రం ఇంకా నాలుగైదు డిగ్రీలు తెరుచుకునే ఉంటుంది. 12 అంగుళాల వాల్వ్‌లో 5 డిగ్రీల తేడా అంటే డిస్క్ అంచు ఉండాల్సిన చోటి నుంచి దాదాపు 13 మిల్లీమీటర్లు జరిగి ఉన్నట్టు. హ్యాండ్ వీల్‌ని ఆపేది సీట్ కాదు, గేర్ బాక్స్ పక్కనున్న స్టాపర్ బోల్ట్ (మూసే వైపు ఒకటి, తెరిచే వైపు ఒకటి ఉంటాయి). పంపు పక్కన వైబ్రేషన్‌కి దాని లాక్ నట్ వదులైనా, వేరే వాల్వ్ గేర్ బాక్స్ తెచ్చి సెట్టింగ్ చూడకుండా బిగించినా ఇదే గోల. లాక్ నట్ చుట్టూ పెయింట్ పగిలి మెరుస్తున్న థ్రెడ్ కనిపిస్తే ఎవరో తిప్పారని అర్థం.

ఒక ప్లాంట్‌లో కూలింగ్ వాటర్ లైన్ వాల్వ్ ఇలాగే దించి టెస్ట్ బెంచ్ మీద పెడితే చుక్క కూడా కారలేదు. ఎందుకంటే అక్కడ గేర్ బాక్స్ తీసేసి స్పిండిల్‌ని రెంచ్‌తో తిప్పి మూశారు. తిరిగి అదే గేర్ బాక్స్‌తో లైన్‌లో పెట్టగానే మళ్లీ పాసింగ్, అంటే నీళ్లు దాటడం. రెండో షట్‌డౌన్ అడగాల్సి వచ్చింది.

చూడటం సులభం. చాలా వాల్వుల్లో స్పిండిల్ తల మీద గీత ఉంటుంది, అది డిస్క్ ఉన్న దిశే. వాల్వ్ మూసినప్పుడు ఆ గీత పైపుకి సరిగ్గా అడ్డంగా ఉండాలి. ముల్లుని నమ్మకండి, అది గేర్ బాక్స్‌కి అంటుకుని ఉండేది. గీత ఏటవాలుగా ఉంటే మూసే వైపు స్టాపర్ లాక్ నట్ వదులు చేసి, బోల్ట్ రెండు చుట్లు వెనక్కి తిప్పి, హ్యాండ్ వీల్ మెల్లగా మూయండి. హ్యాండ్ వీల్ ఇంకా కదలకపోతే మీరు తిప్పిన బోల్ట్ తెరిచే వైపుది, దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టండి. స్క్రూడ్రైవర్ ఆనించి వింటే నీళ్ల శబ్దం తగ్గుతూ వచ్చి ఒకచోట ఆగిపోతుంది. ఇంకా తిప్పితే డిస్క్ అటువైపుకి దాటి మళ్లీ కారడం మొదలవుతుంది, అందుకే ఆగిన చోటే బోల్ట్ ఆనించి లాక్ నట్ బిగించండి. ఇంత చేసినా గేర్ బాక్స్ మాత్రం లైన్‌లో ప్రెషర్ ఉండగా ఎప్పుడూ ఊడదీయకండి. పట్టు లేని డిస్క్ ఒక్కసారిగా కొట్టుకుని మూసుకుందంటే వాటర్ హ్యామర్ (ఒక్కసారిగా ఆగిన నీళ్లు పైపుని కొట్టే దెబ్బ) వస్తుంది, మనిషికీ ప్రమాదమే.

గీత సరిగ్గా అడ్డంగా ఉండి కూడా కారితే అప్పుడు రబ్బర్ లైనర్ (ఈ వాల్వ్‌లో డిస్క్ ఆనే సీట్) మీద అనుమానం పెట్టుకోండి. కొత్తది వేశాక ఫ్లేంజ్ బోల్టులు బిగించేటప్పుడు డిస్క్ తెరిచి ఉంచాలి, మూసి బిగిస్తే లైనర్ నొక్కుకుపోయి మొదటి రోజే పాడవుతుంది. ఆయిల్ లైన్‌లో ఈపీడీఎం అనే రకం రబ్బర్ లైనర్ వేస్తే అది ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బర్‌ది అడగండి. డిస్క్ పిన్ తెగడం, బాడీలో పగులు లాంటివి అరుదు, వాటి సంగతి చివర్లో చూసుకోవచ్చు.