గూడేల్లో రక్తహీనత: మాత్ర ఎలా మింగాలి, దాంతోపాటు ఏం తినాలి

ఏజెన్సీ ఆడవాళ్లకు రక్తం పట్టాలంటే యాపిల్, దానిమ్మ తినమని చెప్పి లాభం లేదు. వారపు సంతలో అవి దొరకడమే కష్టం. దొరికినా వాటిలో ఇనుము అంతంతమాత్రమే. చోళ్లు (రాగులు), ఉలవలు, మునగాకు, ఉసిరి చేతికందేవే కాబట్టి పని వాటితోనే మొదలుపెట్టాలి.

ముందు పరీక్ష. హిమోగ్లోబిన్ గర్భిణికి 11, మిగతా ఆడవాళ్లకు 12 గ్రాములకు తగ్గకూడదు. గర్భిణికి 7 లోపు ఉంటే ఊళ్లో మాత్రలిస్తూ రోజులు గడపొద్దు, ఆసుపత్రికి పంపాలి. అదే రోజు సికిల్ సెల్ పరీక్షా చేయించండి. 2023 జులై 1న మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపు వారికి ఈ పరీక్ష చేస్తున్నారు. ఆ జబ్బులో రక్తకణాలు త్వరగా విరిగిపోయి రక్తం తగ్గుతుంది. ఇనుము లోపం ఉందో లేదో చూడకుండా ఐరన్ మాత్రలు మింగిస్తే ఆ ఇనుము ఒంట్లో పేరుకుపోవచ్చు. సికిల్ సెల్ ఉన్నవాళ్ల మందు డాక్టరే తేల్చాలి. జ్వరం కూడా ఉంటే మలేరియా పరీక్ష తప్పనిసరి.

గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకో ఎర్ర ఐరన్ మాత్ర, 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనత తేలితే రోజుకు రెండు, అదీ ఏఎన్ఎం (ఊళ్లోకి వచ్చే ప్రభుత్వ నర్సు) చెప్పాకే. చాలామంది మొదటి వారంలోనే మానేస్తారు. కడుపులో తిప్పుతుంది, మలం నల్లబడుతుంది, భయపడతారు. నల్లబడటం మామూలేనని మాత్ర చేతిలో పెట్టేటప్పుడే చెప్పాలి. భయపడ్డాక చెబితే ఎవరూ నమ్మరు. తిప్పుతుంటే రాత్రి అన్నం తిన్న గంటకు, పడుకునే ముందు మింగమనండి. టీతో మాత్రం వద్దు. టీలోని వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కనుక ముందూ వెనకా గంటైనా ఎడం ఉండాలి. కాల్షియం మాత్రతో కలిపినా ఇదే నష్టం. అందుకే కాల్షియం రెండు పూటలా పగటి భోజనంతో, ఐరన్ రాత్రికి.

చోడి అంబలికి పిండి ఇలా చేస్తే మేలు. కిలో చోళ్లు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి మొలక కనిపించేదాకా ఒకటి రెండు రోజులు ఉంచాలి. ఎండలో బాగా ఆరబెట్టి, దోరగా వేయించి పిండి ఆడించాలి. మొలకెత్తితే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది. మూటలో నీళ్లు నిలిచిపోతే బూజు వస్తుంది. బూజు పట్టిన గింజను కడిగి వాడొద్దు, పారేయాలి. చోళ్లలో 100 గ్రాములకు దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఎముకకు మంచిది. అయితే అంబలి ఒక్కదానితో రక్తం పట్టదు. పక్కన పప్పు, ఆకుకూర ఉండాలి. ఉలవలు ఉడికించిన నీళ్లతో చారు పెట్టుకుని గింజలు పశువులకు వేసేస్తుంటారు. ఆ గింజే తినాలి. మునగాకు పప్పు దించాక ఉసిరి గానీ నిమ్మ గానీ పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది.

ఇప్పపువ్వు లడ్డుకు ఈమధ్య మంచి పేరొచ్చింది. నిజానికి పువ్వులో ఎక్కువగా ఉండేది చక్కెరే. బలమంతా అందులో కలిపే నువ్వులు, వేరుశనగలదే, వాటిలో కోత పెట్టొద్దు.

వెదురు కొమ్ములు వండేటప్పుడు సన్నగా తరిగి, మూత లేకుండా ఇరవై నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. పచ్చివాటిలో విషం ఉంటుంది. చేదు తగ్గకపోతే నీళ్లు మార్చి మళ్లీ ఉడికించాలి.

అంగన్‌వాడీ గుడ్డు ఇంటికి పట్టుకెళితే అది పిల్లల పళ్లెంలోకే పోతుంది, తల్లిని అక్కడే కూర్చోబెట్టి తినిపించండి. పత్యం పేరుతో బాలింతకు పప్పు, గుడ్డు మాన్పిస్తున్న ఇళ్లలో కోడలికి చెప్పి లాభం లేదు, అత్తను ఒప్పించాలి.

నెలకు మళ్లీ పరీక్ష. రోజూ మాత్ర మింగుతున్నా హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే కారణం ఇంకేదో ఉన్నట్టే, డాక్టరు దగ్గరికి పంపాలి.