అధికారిక పోస్టులు చదవడం, 4వ పాఠం: టిక్కు చూసి నమ్మకండి

గత అభ్యాసంలో చాలామంది ఒకే చోట బోల్తా పడ్డారు. "ఖాతాకు టిక్కు ఉంది, కాబట్టి ప్రకటన నిజం" అని రాశారు. ప్రకటనకూ ప్రచారానికీ తేడా పట్టుకున్నవారు కూడా ఇక్కడ జారిపోయారు. అందుకే కొత్త పాఠం వాయిదా వేసి, ముందు దీన్ని తేల్చుకుందాం.

టిక్కు ఖాతా ఎవరిదో చెబుతుంది, అంతే. ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) 2022 చివరి నుంచి చందా కట్టినవారికీ నీలం టిక్కు దక్కింది కాబట్టి ఆ పాటి భరోసా కూడా సన్నగిల్లింది. ప్రభుత్వ సంస్థలకు బూడిదరంగు టిక్కు వచ్చింది. మరి దాన్నయినా నమ్మవచ్చా?

2024 జనవరి 9న అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఎక్స్ ఖాతాలో, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (షేర్లలా మార్కెట్లో కొనుక్కోగల బిట్‌కాయిన్ ఫండ్లకు) అనుమతి ఇచ్చినట్లు పోస్టు వచ్చింది. ఖాతా అసలైనదే. రాసింది మాత్రం ఆ ఖాతాకు ముడిపడిన ఫోను నంబరును తమ సిమ్‌కు మళ్లించుకున్న దుండగులు. సంస్థ అప్పటి ఛైర్మన్ గ్యారీ జెన్‌స్లర్ తన ఖాతాలో ఖండించేలోపే బిట్‌కాయిన్ ధర ఎగబాకింది, ఆ వెంటనే పడిపోయింది. నిజమైన అనుమతి మరునాడు వెలువడింది. "చివరికి నిజమే అయింది కదా" అంటే ఒప్పుకోను. పోస్టు వచ్చిన ఘడియకు ఆ నిర్ణయం లేదు. నమ్మి కొన్నవారు లేని ఉత్తర్వు మీద డబ్బు పెట్టారు.

అధికారిక ఖాతా ఖండించకుండా మౌనంగా ఉందని, వార్త నిజమేననుకోవడానికీ తొందరపడకండి. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని ఫోన్లకు తప్పుడు హెచ్చరిక వెళ్లింది. అది తప్పని గవర్నర్ డేవిడ్ ఇగేకు రెండు నిమిషాల్లో తెలిసినా, ట్విట్టర్‌లో చెప్పేసరికి మరో పావుగంట పట్టింది. లాగిన్ వివరాలు గుర్తులేవని ఆయనే తర్వాత చెప్పారు.

నా పద్ధతి చెబుతాను. ముందు ఉత్తర్వు సంఖ్య, తేదీ వెతుకుతాను. అవి లేకుండా నాయకుడి ఫొటో, "చారిత్రక నిర్ణయం" అన్న మాట మాత్రమే కనిపిస్తే ప్రచారం కిందే లెక్క; ఉత్తర్వు దొరికాకే మనసు మార్చుకుంటాను.

అభ్యాసం: ఈ వారం వచ్చిన పది ప్రభుత్వ పోస్టులు తీసుకోండి. ఒక్కోదానికి మూల ఉత్తర్వు సంపాదించి పూర్తిగా చదవండి. అందులో ఉండి పోస్టులో మాయమైన షరతులు, గడువులు, మినహాయింపులు వరుసగా రాయండి. ఉత్తర్వు దొరకని పోస్టులను వదిలేయకండి, ఎక్కడెక్కడ వెతికారో రాసి పెట్టుకోండి.