ఊళ్లో విరేచనాలు ప్రబలితే మూలం ఎలా పట్టుకోవాలి

ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి జిల్లాలో ఎపిడెమియాలజిస్టుగా, అంటే జబ్బులు ఎలా వ్యాపిస్తున్నాయో తేల్చే నిపుణులుగా కొత్తగా చేరినవాళ్లకి మొదటి టెన్షన్ ఇదే. ఫలానా ఊళ్లో ముప్పై మందికి వాంతులు, విరేచనాలని ఫోన్ వస్తుంది, జీపెక్కి వెళ్తారు, తీరా అక్కడికెళ్లాక ఏం చేయాలో తోచదు. సెలైన్లు పెట్టడానికి డాక్టర్లున్నారు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా కార్యకర్తలు పంచుతారు. జబ్బు ఎక్కడినుంచి వస్తోందో తేల్చి, రేపు రాబోయే కేసుల్ని ఆపడం మీ పని.

బయల్దేరే ముందే పీహెచ్‌సీకి ఫోన్ చేసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కొందరి మలం శాంపిల్ తీసి కేరీ బ్లెయిర్ ట్యూబులో (ల్యాబు చేరేదాకా క్రిములు చావకుండా ఉంచేది) పెట్టమనండి. మందు పడ్డాక తీస్తే ల్యాబులో ఏమీ పెరగకపోవచ్చు. నీళ్ల శాంపిల్ సంగతీ అంతే. మీరు వెళ్లేలోపు పంచాయతీవాళ్లు హడావుడిగా ట్యాంకులో బ్లీచింగ్ కుమ్మరిస్తారు, ఆ తర్వాత పట్టిన నీళ్లకి 'బాగానే ఉన్నాయి' అని రిపోర్టు వస్తుంది, దాన్ని పట్టుకుని అందరూ నీళ్లది తప్పు లేదంటారు. అందుకే ముందు సీసాలు నింపించండి, బ్లీచింగ్ తర్వాత. అలాగని ల్యాబు రిపోర్టు వచ్చేదాకా బ్లీచింగ్ ఆపకండి.

ఎవరిని కేసు అనాలో ముందే కాగితం మీద రాసుకోండి: ఈ ఊళ్లో ఉంటూ, ఫలానా తేదీ తర్వాత, 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలైనవాళ్లు. ఇది లేకపోతే క్యాంపులో బీపీ మాత్రల కోసం వచ్చిన తాతగారు కూడా లిస్టులో చేరిపోతారు.

ఇక లైన్ లిస్ట్. ఒక్కొక్కరికి ఒక్కో వరుస: పేరు, వయసు, వీధి, తాగే నీళ్లు ఎక్కడివి, ఎక్కడ తిన్నారు, ఎప్పుడు మొదలైంది. ఆస్పత్రి రిజిస్టరు చూసి రాసేస్తే సగం మంది తప్పిపోతారు, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఇంట్లోనే పడుకున్నవాళ్లు అందులో ఉండరు కదా. ఇల్లిల్లూ తిరగాల్సిందే. తేదీ అడిగితే చాలామంది ఆస్పత్రికి వెళ్లిన రోజు చెప్తారు, మీకు కావాల్సింది జబ్బు మొదలైన పూట. 'పెద్దమ్మా, మొదటిసారి కడుపులో తిప్పింది సంత రోజా, మర్నాడా? అన్నం తినకముందా, తిన్నాకా?' అని అడగండి, ఠక్కున చెప్తుంది.

ఆ పూటల్ని వరుసగా పెట్టి గ్రాఫు గీస్తే చాలావరకు కథ అర్థమవుతుంది. ఒక్కసారిగా పైకి లేచి అంతే త్వరగా పడిపోతే పెళ్లిభోజనంలాంటి ఒకేపూట వ్యవహారం. రోజుల తరబడి అలాగే సాగుతుంటే పైపులైనులో మురుగు ఇంకా కలుస్తూనే ఉందని అనుమానించాలి. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలైతే ఆహారంలో స్టాఫ్ టాక్సిన్ (స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా వదిలే విషం) కావచ్చు, కలరాకైతే కొన్ని గంటల నుంచి 5 రోజుల దాకా పడుతుంది. పచ్చకామెర్లు అయితే నిన్న తాగిన నీళ్ల గురించి అడిగి లాభం లేదు, హెపటైటిస్ ఏకి సుమారు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి పోయిన నెల గురించి అడగాలి.

ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఒకటుంది, నా దృష్టిలో అదే ప్రాణం: జబ్బు రానివాళ్లని కూడా అడగడం. జబ్బుపడ్డ అందరూ ట్యాంకు నీళ్లే తాగారంటే ఏం తేలింది? ఊరంతా అవే తాగుతుంటే ఏమీ తేలలేదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా అనగానే తీయించేసిన పంపు హ్యాండిల్ గుర్తొస్తుంది గానీ, ఆ పంపు నీళ్లే కారణమన్న డాక్టర్ జాన్ స్నో వాదనకి బలమిచ్చింది ఆ పక్కనే ఉండి కూడా బతికినవాళ్లు. సొంత బావి ఉన్న వర్క్‌హౌస్‌లో (పేదల్ని ఉంచే ఆశ్రయం) 535 మందిలో చనిపోయింది అయిదుగురే, బీరు తాగే బ్రూవరీ పనివాళ్లలో ఒక్కరూ పోలేదు.

లెక్క సులువే. ట్యాంకు నీళ్లు తాగే 200 మందిలో 60 మందికి వచ్చిందనుకుందాం, 30 శాతం. బోరు నీళ్లు తాగే 150 మందిలో ఆరుగురికి, 4 శాతం. 30ని 4తో భాగిస్తే 7.5. అంటే ట్యాంకు నీళ్లు తాగినవాళ్లకి ముప్పు ఏడున్నర రెట్లు.

అప్పుడు వాటర్‌మ్యాన్‌ని వెంటబెట్టుకుని పైపు వెంబడి నడవండి (ఏ వాల్వు దగ్గర గుంటలో నీళ్లు నిలుస్తాయో, పైపు ఎక్కడ మురుగుకాలువ కింద నుంచి పోతుందో ఆఫీసు మ్యాపు కంటే ఆయనకే బాగా తెలుసు). క్లోరిన్ ట్యాంకు కింద కాదు, చివరి వీధి కుళాయి దగ్గర చూడాలి. మామూలు రోజుల్లో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, ఇలాంటప్పుడు 0.5 ఉండేలా చూసుకోండి. లీకు బాగయ్యేదాకా ట్యాంకరుతో నీళ్లు తెప్పించమని గట్టిగా పట్టుబట్టండి.

క్యాంపు ఎత్తేశారు కదా అని లైన్ లిస్ట్ మూసేయకండి. జబ్బు బయటపడటానికి పట్టే గరిష్ఠ గడువుకి రెట్టింపు రోజులు కొత్త కేసు రాకూడదు, కలరా అయితే 10 రోజులన్నమాట. అప్పటిదాకా ఏఎన్ఎంకి రోజూ సాయంత్రం ఫోన్ చేసి, కొత్తవాళ్లెవరైనా ఉంటే ఇంకో వరుస చేర్చండి.